చీనా ముఠాల చెరలో తెలుగు గొంతుక

తెనాలికి తూర్పున, కృష్ణానది పడమటి ఒడ్డున కొల్లూరు ఉన్నది. ఊరికీ ఏటికీ నడుమ కరకట్ట. కట్టకు ఈవల వరి పండే మాగాణి. ఆవల అరటి, పసుపు, కంద పండే లంకలు. ఈ ప్రాంతం వారికి రెండు అంకెలు కంఠస్థం. ప్రకాశం బ్యారేజీ నుండి వదలిన నీరు 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండవది. 2024 సెప్టెంబరు 2 న ఆ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. బ్యారేజీ చరిత్రలోనే అది అత్యధికం. లంక తోటలు నీట మునిగినవి. వరద ఎంత పెద్దదైనా కబురు ముందుగా అందితే మనుషులు పశువులను తోలుకొని కట్ట ఎక్కగలరు. నదీ తీరవాసులకు తరతరాలుగా ఉన్న ధైర్యం అదే.

అయితే ఈ దశాబ్దంలో కొలబద్ద లేని మరొక వరద పల్లెలకు వచ్చిపడినది. దానికి మొదటి హెచ్చరిక లేదు, రెండవ హెచ్చరిక లేదు. కరకట్ట దానిని ఆపలేదు. అది చేతిలోని ఫోను గుండా నేరుగా నట్టింటికి వస్తుంది.

కొల్లూరు వంటి ఒక ఊరిలో, విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఉపాధ్యాయుని ఇంట ఫోను మోగినదనుకొందాము. “నమస్కారమండి మాస్టారూ! మీ పేరు మీద విదేశానికి పంపిన పార్సెల్లో మత్తుమందు దొరికిందండి. పోలీసువారు మాట్లాడతారు, లైనులో ఉండండి,” అని ఒక యువకుని గొంతు. మరుక్షణం తెరపై పోలీసు దుస్తులు, వెనుక గోడపై ప్రభుత్వ చిహ్నం. “మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేస్తున్నాం. కెమెరా ముందు నుంచి కదలకండి. ఇంట్లోవారికి కూడా చెప్పకండి.” ముప్పది యేండ్లు పిల్లలకు నిజాయితీ బోధించిన మనిషి, చేయని తప్పుకు వణకిపోయి, విశ్రాంతి వేతనంగా కూడబెట్టుకొన్న సొమ్మంతా చెప్పిన ఖాతాకు పంపివేస్తాడు.

ఆయన ఎందుకు నమ్మినాడు? పోలీసు దుస్తులు చూచి మాత్రమే కాదు. ఆ మొదటి గొంతు తేట తెలుగులో, చుట్టం పిలిచినట్లు “మాస్టారూ” అని పిలిచినది. పరాయి దేశపు దొంగ అట్లా పిలువగలడని ఆయన కలలోనైనా అనుకోలేదు.

నిజమే, పరాయి దొంగ అట్లా పిలువలేడు. కనుకనే అతడు ఆ గొంతును కొనుక్కొంటున్నాడు. చీనా నేర ముఠాలు ప్రపంచమంతటా విస్తరించిన కథలో తెలుగువారు ముఖ్యంగా తెలుసుకొనవలసిన సంగతి ఇదే. తెలుగు ఇంటిని దోచుటకు తెలుగు మాట కావలెను. అందుకు ముందుగా తెలుగు బిడ్డను చెరపట్టవలెను. దోపిడికి గురియైనవాడూ మన ఊరివాడే. దోచుటకు నియుక్తుడైనవాడూ తరచుగా మన ఊరివాడే.

విశాఖలో బయటపడిన వ్యాపారం

ఇది ఊహ కాదని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు వెల్లడించినారు. సింగపూరులో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి దళారులు ఒక్కొక్క యువకుని వద్ద సుమారు లక్షన్నర రూపాయలు వసూలు చేసినారు. పర్యాటక వీసాపై బ్యాంకాకు మీదుగా కంబోడియాకు చేర్చినారు. అక్కడ పాసుపోర్టులు లాగుకొని, చీనా యజమానుల ముఠాలకు అప్పగించినారు. ఇంగ్లీషు ఎంత వచ్చును, కంప్యూటరుపై వేగం ఎంత అనే లెక్కను బట్టి ఒక్కొక్క మనిషికి రెండున్నర వేల నుండి నాలుగు వేల డాలర్ల వరకు వెల కట్టినట్లు పోలీసులు చెప్పినారు. చదువుకొన్న చదువే మనిషి ధరను నిర్ణయించిన విపరీతం ఇది.

వెల పలికిన మనిషి తరువాత చేయవలసిన పని ఏమిటి? ఫోనులో స్వదేశీయులను మోసగించుట. మొదట శిక్షణ ఇస్తారు: కొరియరు పార్సెలు కథ, ఇంటి వద్ద నుండి పని కథ, పెట్టుబడి కథ. నాటకంలో వలె ఎవరు ఏ మాట అనవలెనో వ్రాసి ఇస్తారు. రోజుకు ఇంత సొమ్ము రాబట్టవలెనని లెక్క. రాబట్టనివానికి జీతంలో కోత, చీకటి గదిలో నిర్బంధం, దెబ్బలు. విశాఖ ప్రాంతం నుండి సుమారు 150 మంది ఇట్లా వెళ్ళినట్లు ఆనాడు పోలీసులు అంచనా వేసినారు. 2024 మే 20 న కంబోడియా సముద్ర తీరంలోని సిహనూక్‌విల్ పట్టణంలో సుమారు 300 మంది భారతీయులు యజమానులపై తిరుగబడినారు. తరువాత కొద్ది రోజులకే మొదటి జట్టు యువకులు విశాఖకు తిరిగి చేరుకొన్నారు. అదే ఏడు తెలంగాణలో సిరిసిల్ల జిల్లా పోలీసులు కూడ ఇట్టి కేసునే చేపట్టినారు.

భారత సైబర్ నేర సమన్వయ కేంద్రం వారి లెక్క ప్రకారం, 2024 లో మొదటి నాలుగు నెలలలో దేశంలో నమోదైన సైబరు మోసాలలో సుమారు 46 శాతం కంబోడియా, మయన్మారు, లావోసు దేశాల నుండి జరిగినవే. ఆ ఏడాది మొత్తం మీద భారతీయులు సైబరు మోసాలలో పోగొట్టుకొన్నది 22,845 కోట్ల రూపాయలని 2025 జులైలో పార్లమెంటుకు ప్రభుత్వం తెలిపినది. అంతకు ముందు సంవత్సరం అది 7,465 కోట్లు. ఒక్క ఏడాదిలో మూడింతలైనది.

సోదర సంఘం దొంగల కూటమి అయిన తీరు

ఈ ముఠాలు ఎక్కడివి? వీటి పూర్వచరిత్ర పదునెనిమిదవ శతాబ్దం నాటిది. చీనాలోని ఫుకియెన్ రాష్ట్రంలో 1760 ప్రాంతాల “భూమ్యాకాశ సంఘం” అనే రహస్య సంఘం పుట్టినది. పొట్ట చేత పట్టుకొని పరాయి ఊళ్ళకు పోయే కూలీలు, చిల్లర వర్తకులు, సొంత బంధువులు లేనిచోట ఒకరికొకరు అన్నదమ్ములుగా ఉంటామని రక్త ప్రమాణం చేసుకొన్న సంఘమది. రోగమొస్తే సాయం, చస్తే దహనఖననాలకు చందా, దొంగలు వస్తే కలిసి ఎదిరించుట. ఆదిలో దాని ఉద్దేశం ఇంతే. 1786 లో తైవాను ద్వీపంలో ఈ సంఘీయులు పెద్ద తిరుగుబాటు లేవదీయుటతో మంచూ ప్రభుత్వం వారిని కఠినంగా అణచివేసినది. అణచివేతకు గురియైన కొద్దీ సంఘం మరింత రహస్యమైనది. రహస్యమైన కొద్దీ చట్టానికి మరింత దూరమైనది.

ఆకాశం, భూమి, మానవుడు అనే మూడింటికి గుర్తుగా వారు త్రికోణాన్ని వాడేవారు. దానిని చూచి ఆంగ్లేయులు వారికి “ట్రయడ్” అని పేరు పెట్టినారు. హాంకాంగు ఆంగ్లేయుల చేతికి వచ్చిన కొద్ది కాలానికే, 1845 లో, ఈ సంఘాలను నిషేధిస్తూ శాసనం వచ్చినది. ఓడలెక్కి చీనా కూలీలు వెళ్ళిన చోటికెల్లా సంఘాలు కూడ వెళ్ళినవి. మలయాలోని పెనాంగులో 1867 లో రెండు చీనా సంఘాల వైరం పదిరోజుల వీధియుద్ధంగా మారినది. నల్లమందు అమ్మకం, జూదం, కూలీల సరఫరా — వీటిపై పెత్తనం కొరకే ఆ వైరం. అన్నదమ్ముల ఒప్పందం కాస్తా ఆదాయంపై గుత్తాధిపత్యం కొరకు పోరాటమైనది.

ఇరువదవ శతాబ్దపు ప్రథమార్ధంలో షాంఘైలో “ఆకుపచ్చ ముఠా” నల్లమందు వ్యాపారాన్ని ఏలినది. దాని నాయకుడు దూ యుయెషెంగ్ బ్యాంకులకు అధ్యక్షుడు, ధర్మకార్యాలకు దాత, రాజకీయ నాయకులకు మిత్రుడు. 1927 ఏప్రిలులో షాంఘైలో కార్మికులను, కమ్యూనిస్టులను ఊచకోత కోయుటకు చాంగ్ కై షేకు పక్షాన నిలిచినది ఈ ముఠాయే. నేరం ఎన్నడూ తనంత తానుగా బలపడదు. అధికారం దానికి అవసరం తీరే వరకు నీడనిస్తుంది. 1949 లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఏర్పడగా ముఠాలవారు హాంకాంగుకు పారిపోయినారు. దూ కూడ 1951 లో అక్కడనే మరణించినాడు. హాంకాంగులో పోలీసులకూ ముఠాలకూ నడుమ పెరిగిన లంచాల బంధాన్ని తెగగొట్టుటకు 1974 లో స్వతంత్ర అవినీతి నిరోధక సంస్థను స్థాపించవలసి వచ్చినది.

తరువాతి మజిలీ మకావు జూదగృహాలు. 1990 దశకపు చివరి యేండ్లలో అక్కడి ముఠాలు వీధులలో కాల్పులు జరుపుకొన్నవి. 14కె ముఠాకు చెందిన వాన్ కువోక్ కోయికి 1999 లో 15 ఏండ్ల శిక్ష పడినది. 2012 లో విడుదలైన తరువాత అతడు కంబోడియాలో ఒక “సాంస్కృతిక సంఘం” స్థాపించినాడు. 2020 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం అతనిపై ఆంక్షలు విధించినది. పాత సోదర సంఘం పేరు క్రొత్త వ్యాపారానికి ముసుగైనది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. ఈ ముఠాలకు మొట్టమొదట బలియైనవారు చీనా ప్రజలే. నల్లమందు తిని చచ్చినవారు, జూదంలో ఇల్లు పోగొట్టుకొన్నవారు, నేడు చెరసాలలలో బందీలైనవారు — వీరిలో అధికులు చీనావారే. కనుక దొంగను దొంగ అనవలెను గాని జాతిని దొంగ అనరాదు. చరిత్ర పాఠం చెప్పే ఉపాధ్యాయుడు ఈ తేడాను పిల్లలకు తప్పక చెప్పవలసి ఉన్నది.

జూదగృహం చెరసాల అయినది

కూలీల సంఘం ఫోను మోసాలకు ఎట్లా చేరినది? మధ్యలో జూదమున్నది. చీనాలో జూదం నిషిద్ధం. అందుచేత చీనా జూదరుల కొరకు పొరుగు దేశాల సరిహద్దులలో జూదగృహాలు లేచినవి. 2016 మొదలు 2019 వరకు సిహనూక్‌విల్ పట్టణం చీనా పెట్టుబడితో రాత్రికి రాత్రే మారిపోయినది. చేపలు పట్టే తీరంలో బహుళ అంతస్తుల హోటళ్ళు వెలసినవి. వాటి పై అంతస్తులలో కంప్యూటర్ల మీద నడిచే జూదం అసలు ఆదాయం.

2019 ఆగస్టులో కంబోడియా ప్రభుత్వం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించదలచినట్లు ప్రకటించినది. వెంటనే కోవిడ్ మహమ్మారి వచ్చి పర్యాటకులను ఆపివేసినది. మేడలు ఖాళీ, కంప్యూటర్లు సిద్ధం, తీర్చవలసిన అప్పులు మాత్రం మిగిలినవి. ఆ స్థితిలో ముఠాలు జూదరిని రప్పించుట మాని, ఇంట కూర్చున్నవానిని ఫోనులో వెదకి దోచుట మొదలుపెట్టినవి. కిటికీలకు ఇనుప కమ్మీలు, గోడలపై ముళ్ళ తీగలు, గేటు వద్ద కాపలా. హోటలు చెరసాలయైనది. ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2023 ఆగస్టులో విడుదల చేసిన నివేదిక ప్రకారం, మయన్మారులో కనీసం 1,20,000 మంది, కంబోడియాలో సుమారు 1,00,000 మంది ఇట్టి పనికి బలవంతంగా నియోగింపబడి ఉండవచ్చును.

వారి ముఖ్యమైన మోసానికి ముఠాలవారు పెట్టుకొన్న పేరే వారి మనస్సును తెలుపుతుంది: “పందిని మేపి కోయుట”. పొరబాటున వచ్చినట్లు ఒక సందేశం పంపుతారు. మాట కలుపుతారు. వారాల తరబడి స్నేహం, ఆప్యాయత, పెండ్లి మాటలు కూడ. తరువాత ఒక పెట్టుబడి మార్గం చూపుతారు. మొదట చిన్న మొత్తానికి నిజంగానే లాభం చేతికిస్తారు. అది మేత. నమ్మకం కుదిరి ఉన్నదంతా పెట్టిన నాడు కత్తి దిగుతుంది. ఆ పేరు బాధితులను అవమానిస్తున్నదనీ, వాడవద్దనీ ఇంటర్‌పోల్ సంస్థ 2024 డిసెంబరులో కోరినది. మోసపోయినవాడు మూర్ఖుడు కాడు, స్నేహాన్ని నమ్మినవాడు మాత్రమే.

ఈ మోసానికి పెట్టుబడి మాట. వినేవాని భాష, సామెత, పిలుపు, పండుగ — ఇవి తెలియని మాట పనికిరాదు. హిందీ ఇంటికి హిందీవాడు, తమిళ ఇంటికి తమిళుడు, తెలుగు ఇంటికి తెలుగువాడు కావలెను. ఈ అంగడిలో మాతృభాష సరుకైనది.

రంగం దారి మళ్ళీ తెరచుకొన్నది

తెలుగువారికి ఈ దారి క్రొత్తది కాదు. తాతల కాలంలో కాకినాడ, విశాఖ రేవుల నుండి వేలాది కూలీలు “రంగం” పోయేవారు. రంగం అనగా బర్మాలోని రంగూను. అక్కడి రేవులోను, బియ్యపు మిల్లులలోను మూటలు మోసిన తెలుగువారిని బర్మావారు “కొరంగీలు” అనేవారు. వారిని తీసుకొనిపోయేవాడు మేస్త్రీ. ఓడకూలి, తిండి ఖర్చు బయానాగా ఇచ్చి, ఆ అప్పు తీరే వరకు కూలివాని జీతాన్ని తన గుప్పిట పెట్టుకొనేవాడు. మేస్త్రీ కూడ తెలుగువాడే, ఊరివాడే, తరచుగా చుట్టమే. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె రక్తపాతంగా మారినది. 1942 లో జపాను సేనలు రాగా లక్షలాది భారతీయులు కాలినడకన తిరుగుముఖం పట్టినారు. వేలాదిమంది అడవి దారులలో ప్రాణాలు విడిచినారు.

నేడు అదే బర్మాకు, అనగా మయన్మారుకు, తెలుగు యువకులు మళ్ళీ చేరుతున్నారు. ఈసారి ఓడలో కాదు. విమానంలో బ్యాంకాకు, అక్కడి నుండి కారులో థాయి సరిహద్దు పట్టణం మే సోట్, రాత్రివేళ మోయీ నది దాటి మ్యావాడి. తాతకు మూటలు మోయునని ముందుగానే తెలుసు. మనుమనికి తాను మోయబోవునది ఏమిటో చేరేవరకు తెలియదు. తాత అప్పు ఎప్పటికో ఒకప్పటికి తీరేది. మనుమని అప్పు, యజమాని మారినప్పుడల్లా, క్రొత్త వెలతో మళ్ళీ మొదలవుతుంది. మేస్త్రీ స్థానంలో నేడు ఏజెంటు ఉన్నాడు. అతడు కూడ తెలుగువాడే.

మ్యావాడి ప్రాంతపు నకిలీ ఉద్యోగాల గురించి భారత విదేశాంగ శాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించినది. 2025 ఆరంభంలో థాయి, చీనా ప్రభుత్వాల ఒత్తిడి వలన అక్కడి చెరసాలల నుండి సుమారు ఏడు వేలమంది బయటపడినారు. మార్చి 10, 11 తేదీలలో భారత వైమానిక దళ విమానాలు 549 మంది భారతీయులను స్వదేశం చేర్చినవి. వారిలో తెలుగువారు కూడ ఉన్నారు. ఆ అక్టోబరులో కెకె పార్కు అనే కేంద్రంపై దాడి జరుగగా మరల వందలాది భారతీయులు నది దాటి థాయి గడ్డకు చేరినారు. నవంబరులో విమానాలు మళ్ళీ వెళ్ళవలసి వచ్చినది.

చీనా ప్రభుత్వం కూడ కఠినంగానే ఉన్నది. మయన్మారు ఉత్తర సరిహద్దులోని లౌక్కాయింగ్ పట్టణాన్ని ఏలిన మింగ్ కుటుంబ ముఠాకు చెందిన 11 మందికి 2025 సెప్టెంబరులో ఒక చీనా న్యాయస్థానం మరణశిక్ష విధించినది. అక్టోబరులో అమెరికా ప్రభుత్వం కంబోడియాలోని ప్రిన్స్ గ్రూపు అధిపతి చెన్ చీపై అభియోగాలు మోపి, సుమారు 1,500 కోట్ల డాలర్ల విలువగల 1,27,271 బిట్‌కాయిన్లను జప్తు చేయుటకు న్యాయస్థానాన్ని ఆశ్రయించినది. ఆరోపణలను ఆ సంస్థ నిరాకరించినది. ఇంత జరిగినను నేరం తగ్గలేదు. ఒకచోట కట్ట వేస్తే నీరు మరొక పల్లం వెదకినట్లు, ముఠాలు ఆఫ్రికాకు, దక్షిణ అమెరికాకు, పసిఫిక్ దీవులకు పాకుతున్నవని 2025 ఏప్రిలులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్య, నేర నిరోధక కార్యాలయం తెలిపినది.

ఇంటిలోని తలుపు

దూరదేశపు చెరసాలలను తలచుకొని ఇంటి తలుపును మరువరాదు. 2020 లో కోవిడ్ కాలపు కరవులో “తక్షణ ఋణం” పేరిట ఫోను యాపులు తెలుగు నాట వ్యాపించినవి. ఐదు వేలు అప్పిచ్చి, ఫోనులోని చుట్టాల నంబర్లన్నీ లాగుకొని, గడువు దాటగానే వారందరికీ ఋణగ్రస్తుని దొంగగా చిత్రించిన బొమ్మలు పంపేవారు. అవమానం భరించలేక కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు దర్యాప్తు చేయగా చీనా దేశస్థుల పాత్ర బయటపడినది. సుమారు 1.4 కోట్ల లావాదేవీలు, 21,000 కోట్ల రూపాయలు చేతులు మారినట్లు వారు వెల్లడించినారు. ఆ తరువాతనే, 2022 సెప్టెంబరులో, రిజర్వు బ్యాంకు డిజిటల్ ఋణాలకు నియమావళి జారీ చేసినది. 2023 జులైలో హైదరాబాదు పోలీసులు మరొక కేసును వెల్లడించినారు. చిన్న చిన్న పనులకు ప్రతిఫలమని ఆశచూపి దోచిన 712 కోట్ల రూపాయలు క్రిప్టో నాణెంగా మారి చీనా సూత్రధారులకు చేరినవి.

ఇంత సొమ్ము దేశం ఎట్లా దాటినది? మొదటి మెట్టు “అద్దె ఖాతా”. కళాశాల విద్యార్థికి ఎవరో పరిచయస్థుడు చెబుతాడు: “నీ బ్యాంకు ఖాతా ఒక నెల ఇవ్వు, ఐదువేలిస్తాను.” విద్యార్థి తన పాసుపుస్తకం, ఏటీఎం కార్డు, సిమ్ము ఇచ్చి సినిమాకు పోతాడు. దోచిన సొమ్ము అతని ఖాతాలో పడి, నిమిషాలలో పది ఖాతాలుగా చీలి, క్రిప్టోగా మారి మాయమవుతుంది. పోలీసులు తలుపు తట్టేది ఆ మొదటి ఖాతాదారు ఇంటిదే. సిహనూక్‌విల్ ఎక్కడ ఉన్నదో కూడ ఎరుగని పిల్లవాడు అంతర్జాతీయ ముఠాకు సంచి మోసినవాడవుతాడు.

నేరస్థుడా, బాధితుడా?

చెర నుండి తిరిగివచ్చిన యువకుని ఊరు ఏ కంటితో చూడవలెను? అతని గొంతు వలన ఎవరో మాస్టారు సర్వస్వం పోగొట్టుకొన్నమాట నిజం. అతని వీపున దెబ్బలున్న మాటా నిజమే. ఈ రెండు నిజాలను ఒకే త్రాసులో తూచుట తేలిక కాదు.

ఐక్యరాజ్యసమితి 2000 సంవత్సరంలో ఆమోదించిన మానవ రవాణా నిరోధక ఒప్పందం ఒక సూత్రం చెప్పినది: మోసంతోనో బలవంతంతోనో కొనిపోబడిన మనిషి, తాను ఒప్పుకొని వెళ్ళినాడన్న మాట చెల్లదు. భారతదేశం 2011 లో దానిని ధ్రువీకరించినది. 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడ, మానవ రవాణా విషయంలో బాధితుని సమ్మతి లెక్కలోనికి రాదని చెప్పుచున్నది. తెలిసి చేరి, సాటివారిని కూడ రప్పించి కమీషను తిన్నవాడు వేరు; దారి మూసుకొనిపోయి నోరు విప్పినవాడు వేరు. ఈ తేడాను న్యాయస్థానం సాక్ష్యాలతో తేల్చవలెను. కాని ఊరు చేయగల పని ఒకటి ఉన్నది: సిగ్గుతో దాగుకొన్నవానిని మాట్లాడనిచ్చుట. అతడు నోరు విప్పితేనే ఏజెంటు పేరు బయటికి వస్తుంది. ఏజెంటు పేరు బయటికి వస్తేనే రెండవ బిడ్డ విమానం ఎక్కకుండ ఆగుతాడు. మోసపోయిన మాస్టారు విషయమూ అంతే. ఆయన అవమానంతో మౌనంగా ఉన్నంత కాలం దొంగ ప్రక్క ఇంటికి ఫోను చేస్తూనే ఉంటాడు. ఈ నేరానికి పెట్టుబడి మాటయైతే, దానికి కావలి మౌనం.

హెచ్చరిక వినిపించవలసినవారు

ఈ వరదకు కూడ హెచ్చరిక అంకెలు ఉన్నవి. వాటిని బడిలో నేర్పవలెను.

విదేశంలో ఉద్యోగమని చెప్పి పర్యాటక వీసా చేతికిస్తే అది మొదటి ప్రమాద హెచ్చరిక. ఉద్యోగం ఒక దేశంలో, విమానం మరొక దేశానికి అంటే అది రెండవది. విదేశాలకు మనుషులను పంపే ఏజెంటుకు 1983 నాటి వలస చట్టం క్రింద నమోదు ఉండవలెను. ఆ జాబితా ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చును. భారతదేశపు ఏ చట్టంలోను “డిజిటల్ అరెస్టు” అనే మాట లేదు. ఏ పోలీసు అధికారీ తెర మీద అరెస్టు చేసి సొమ్ము పంపమనడు. సొమ్ము పోయిన క్షణమే 1930 నంబరుకు ఫోను చేస్తే, అది ఖాతాలు దాటకముందే కొంతైనా నిలిపే అవకాశం ఉన్నది. ఆలస్యమైన ప్రతి గంటకూ ఆ అవకాశం తరిగిపోతుంది. బ్యాంకు ఖాతాను అద్దెకిచ్చుట దొంగకు ఇంటి తాళం ఇచ్చుటయే.

ఇవి కఠినమైన పాఠాలు కావు. పదవ తరగతి పిల్లవాడు ఇంటికి వెళ్ళి అవ్వకు చెప్పగలడు. నిజానికి పల్లెలో ఫోను వాడకం బాగుగా తెలిసినది ఆ పిల్లవానికే; భయపడిన పెద్దవారికి మొదట అందుబాటులో ఉండేదీ అతడే. “తాతయ్యా, ఫోను పెట్టేయి. నాన్నను అడుగుదాం,” అని ఒక్క మాట అనగల పిల్లవాడు ఆ ఇంట ఉంటే, కంబోడియా మేడలో వ్రాసిన నాటకమంతా అక్కడనే ఆగిపోతుంది. ఆ నాటకం నడిచేది వినేవాడు ఒంటరిగా ఉన్నంతసేపే.

కృష్ణకు వరద వచ్చిన రాత్రులలో కరకట్ట మీద కావలి కాయుట డెల్టా పల్లెల ఆచారం. లాంతరు పట్టుకొని కట్ట వెంట నడుస్తారు; ఎక్కడ నీరు ఊటగా కారుతున్నదో చూస్తారు; కనిపించినచోట ఇసుక మూటలు వేస్తారు. గండి పడేది ఎప్పుడూ ఎవరూ చూడనిచోటనే. చూచినవాడు నోరు మెదపకుండ ఇంటికి పోతే, పొద్దున్నకు ఊరు ఊరంతా నీటిలో ఉంటుంది. తెలుగు పలుకుతూ వచ్చిన ఈ క్రొత్త వరద కట్ట మీద లాంతరు పట్టుకొని నిలువవలసినవారు మరెవరో కారు. తరగతి గదిలో నల్లబల్ల ముందు నిలుచున్న ఉపాధ్యాయులు, వారి ఎదుట కూర్చున్న విద్యార్థులు.